సుప్రీంకోర్టు పిటిషన్ కొట్టివేసిందంటే హైకోర్టు తీర్పు సరైనదని చెప్పినట్టేనా?

"సుప్రీంలో చుక్కెదురు." తెలుగు పత్రికలు చదివేవారికి, టీవీ వార్తలు చూసేవారికి బాగా పరిచయమైన శీర్షిక ఇది. కింద వార్త కూడా ఇంచుమించు ఒకే తీరున నడుస్తుంది: హైకోర్టు తీర్పును సవాలు చేస్తూ ఫలానావారు సుప్రీంకోర్టుకు వెళ్లారు, అక్కడ పిటిషన్ కొట్టివేశారు, హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు సమర్థించింది. ఇందులో కొట్టివేశారన్న మాట నిజం. సమర్థించిందన్న మాట చాలా సందర్భాల్లో నిజం కాదు.

ఇది న్యాయవాదులకు మాత్రమే పట్టే సూక్ష్మం అనుకోవద్దు. పై కోర్టులు ఏ కేసును చేపడతాయో, దేన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తాయో తెలియక, ఉన్న పొలం తాకట్టు పెట్టి ఢిల్లీ దాకా వెళ్లేవారు ఉన్నారు. గట్టి కేసు చేతిలో పెట్టుకుని జిల్లా కోర్టుతోనే ఆశ వదిలేసేవారూ ఉన్నారు.

## ఒక అప్పీలు, రెండు ప్రశ్నలు

ఏ అప్పీలులోనైనా రెండు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. కింది కోర్టు చెప్పింది సరైనదేనా అన్నది ఒకటి. అసలు ఆ సంగతి ఈ కోర్టు చూడాలా అన్నది మరొకటి. కక్షిదారు మనసంతా మొదటి ప్రశ్న మీదే ఉంటుంది. నాకు అన్యాయం జరిగింది, పెద్ద కోర్టు కాగితాలు చూస్తే తేలిపోతుంది అనుకుంటాడు. న్యాయమూర్తి మాత్రం రెండో ప్రశ్నతో మొదలుపెడతారు. చూడనవసరం లేదని అక్కడే తేలితే, తీర్పు సరైనదా కాదా అన్న విచారణ ఇక జరగదు.

మెట్లు ఎక్కేకొద్దీ ఈ రెండో ప్రశ్న బరువెక్కుతుంది. జిల్లా స్థాయిలో అది దాదాపు కనిపించదు. హైకోర్టులో రెండో అప్పీలు వేసినప్పుడు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. సుప్రీంకోర్టులో చాలా పిటిషన్లకు అదే మొదటి ప్రశ్న, అదే చివరి ప్రశ్న.

## మొదటి అప్పీలు హక్కు, రెండోది కాదు

సివిల్ దావాలో ఓడిపోయినవారికి మొదటి అప్పీలు చట్టమిచ్చిన హక్కు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ ఈ హక్కును ఇస్తుంది. కొన్ని చిన్న మొత్తాల కేసులకు మినహాయింపు ఉన్నా, సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ అప్పీలు విన్న కోర్టు సాక్షుల మాటలను, దస్తావేజులను తానే మళ్లీ తూకం వేయాలి. కింది కోర్టు నమ్మిన సాక్షిని తాను నమ్మకపోవచ్చు. ఏ నిర్ణయానికి వచ్చినా కారణాలు రాయాలి.

ఈ మెట్టు విలువను చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఏం జరిగింది, ఎవరు నిజం చెబుతున్నారు అన్న విషయాల్లో మామూలుగా చివరి మాట ఈ కోర్టుదే. పెద్ద వకీలును హైకోర్టులో పెట్టుకుందాంలే అని మొదటి అప్పీలును తేలిగ్గా నడిపించినవారు, హైకోర్టుకు చేరాక సాక్షుల గురించి మాట్లాడబోయి ఆగిపోవలసి వస్తుంది. సాక్ష్యాల మీద పోరాడే అవకాశాన్ని వారు అప్పటికే వాడేసుకుని ఉంటారు.

క్రిమినల్ కేసుల్లో లెక్క కొంత వేరు. శిక్ష పడినవారికి, బాగా చిన్న శిక్షలను మినహాయిస్తే, అప్పీలు హక్కు ఉంటుంది. నిర్దోషిగా విడుదల చేస్తూ ఇచ్చిన తీర్పుపై ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లాలంటే మాత్రం ఆ కోర్టు అనుమతి కావాలి. మరణశిక్ష అయితే దోషి అప్పీలు చేసినా చేయకపోయినా హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు కాదు. పోయే ప్రమాదం ఎంత పెద్దదైతే చట్టం తలుపును అంత విశాలంగా తెరిచి ఉంచుతుందన్నమాట.

## హైకోర్టు గుమ్మం దగ్గర అడిగేది

జిల్లా కోర్టులోనూ ఓడిపోయిన కక్షిదారు హైకోర్టులో వేసే రెండో అప్పీలుకు కోడ్‌లోని 100వ సెక్షన్ దారి చూపుతుంది. 1976 సవరణతో ఈ దారి బాగా ఇరుకైంది. కేసులో 'గణనీయమైన న్యాయప్రశ్న' ఉందని హైకోర్టుకు తృప్తి కలగాలి. ఆ ప్రశ్న ఏమిటో అప్పీలుదారు తన అప్పీలు పత్రంలో స్పష్టంగా రాయాలి. హైకోర్టు కూడా ఆ ప్రశ్నను తన మాటల్లో రూపొందించి, ఆ ప్రశ్న మీదే అప్పీలు వినాలి. ప్రశ్న రూపొందించకుండానే తీర్పు ఇచ్చిన సందర్భాల్లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను రద్దు చేసి, కేసును మళ్లీ హైకోర్టుకే పంపింది.

ఈ నియమంలో మూడు మాటలున్నాయి. ఒకటి, అది ప్రశ్న అయి ఉండాలి. ఫిర్యాదు చాలదు. రెండు, అది న్యాయానికి, అంటే చట్టానికి, సంబంధించినదై ఉండాలి. ఫలానా రోజున డబ్బు చేతులు మారిందా అన్నది వాస్తవానికి సంబంధించిన విషయం. ఆ డబ్బు ఇచ్చినందువల్ల చట్టప్రకారం ఏ హక్కు పుట్టిందన్నది న్యాయానికి సంబంధించిన విషయం. మూడు, అది గణనీయమైనదై ఉండాలి. చిక్కంతా ఈ మూడో మాటతోనే.

గణనీయమంటే ఏమిటో చెప్పిన తీర్పు మూలాలు మన ప్రాంతానికి దగ్గరగా ఉన్నాయి. ఆంధ్ర జిల్లాలు మద్రాసు హైకోర్టు పరిధిలో ఉన్న రోజుల్లో, 1951లో, రిమ్మలపూడి సుబ్బారావు వర్సెస్ నూనె వీర్రాజు అనే కేసులో ఆ హైకోర్టు పూర్తి ధర్మాసనం ఈ మాటకు అర్థం చెప్పింది. 1962లో చునీలాల్ మెహతా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంచుమించు దాన్నే అంగీకరించి దేశమంతటికీ వర్తించే పరీక్షగా నిలబెట్టింది. దాని సారాంశం ఇది. ఆ ప్రశ్న ప్రజలందరికీ ముఖ్యమైనదై ఉండాలి, లేదా ఆ కేసులోని పక్షాల హక్కులను నేరుగా, గట్టిగా ప్రభావితం చేసేదై ఉండాలి. దానితో పాటు, అది అత్యున్నత కోర్టు ఇంకా తేల్చనిదో, సులువుగా తేలనిదో, రెండు వైపులా వాదన సాధ్యమయ్యేదో అయి ఉండాలి. సూత్రం అప్పటికే స్థిరపడి, దాన్ని ఈ కేసుకు అన్వయించడమే మిగిలితే అది గణనీయం కాదు. పసలేని వాదన అయితే అసలే కాదు.

ఈ పరీక్షలోని 'లేదా' అన్న మాటను గమనించాలి. దేశానికంతటికీ పనికొచ్చే ప్రశ్న అయి తీరాలని నియమం లేదు. ఇద్దరు రైతుల మధ్య గొడవలో వారి హక్కునే తేల్చే ప్రశ్న అయినా చాలు.

## ఒక పంపకాల కాగితం కథ

నిజమైన కేసు కాదు కానీ మన పల్లెల్లో ఎక్కడైనా జరగగల ఉదాహరణ తీసుకుందాం. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఆరెకరాల పొలం పంచుకున్నారని అన్న చెబుతున్నాడు. నోటిమాటగా పంచుకున్నామని, తర్వాత పెద్దమనుషుల సమక్షంలో కాగితం రాసుకున్నామని అతని వాదన. ఆ కాగితం రిజిస్టర్ కాలేదు. అసలు పంపకమే జరగలేదు, ఇప్పుడు పంచండి అంటూ తమ్ముడు దావా వేశాడు. సీనియర్ సివిల్ జడ్జి కోర్టు అన్న సాక్షులను నమ్మి దావా కొట్టివేసింది. జిల్లా కోర్టు కూడా అదే చెప్పింది. తమ్ముడు హైకోర్టుకు వెళ్లాడు.

అతని మొదటి వాదన: పెద్దమనుషులిద్దరూ అన్నకు బంధువులు, అబద్ధం చెప్పారు. ఇది వాస్తవాంశం. రెండు కోర్టులు ఒకే మాట చెప్పాక హైకోర్టు దీన్ని ముట్టుకోదు. న్యాయమూర్తికి తానైతే ఆ సాక్షులను నమ్మేవాడిని కాదని అనిపించినా సరే, ముట్టుకోదు.

రెండో వాదన: రిజిస్టర్ కాని కాగితాన్ని సాక్ష్యంగా చూడకూడదు. ఇది న్యాయాంశమే. కానీ దీని మీద చట్టం ఎప్పుడో స్థిరపడింది. స్థిరాస్తిని పంచే పని ఆ కాగితమే చేస్తుంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అప్పటికే జరిగిపోయిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న కాగితమైతే అక్కర్లేదు. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. కాబట్టి ఈ వాదన ఇంతవరకే ఆగితే గణనీయమైన ప్రశ్న అనిపించుకోదు.

మూడో వాదన దగ్గర కథ మలుపు తిరుగుతుంది. తమ్ముడి వకీలు ఆ కాగితంలోని ఒక వాక్యం చూపించాడు: "నేటి నుండి ఎవరి భాగము వారు అనుభవించుకొనునట్లు." నేటి నుండి అని ఉందంటే పంపకం ఈ కాగితంతోనే జరిగినట్టు కాదా? అలాగైతే రిజిస్ట్రేషన్ ఉండాలి కదా? అన్న వకీలు పై వాక్యాన్ని చూపించాడు: "ఇదివరకే పంచుకొనియున్న ప్రకారము." ఒకే కాగితం, రెండు వాక్యాలు, రెండు అర్థాలు. హక్కుకు ఆధారమైన దస్తావేజు మాటలకు చట్టప్రకారం ఏ ఫలితం ఉంటుందన్నది న్యాయప్రశ్న అని కోర్టులు చెప్పాయి. ఆరెకరాల హక్కు దీని మీదే నిలబడి ఉంది. రెండు వైపులా వాదన ఉంది. ఇప్పుడు హైకోర్టు ప్రశ్న రూపొందించి అప్పీలును చేపట్టవచ్చు.

మూడు వాదనలూ ఒకే తీర్పు మీద, ఒకే మనిషి కడుపుమంటలోంచి వచ్చినవే. తలుపు తెరవగలిగింది ఒక్కటే.

వాస్తవాల గోడకు ఒక కిటికీ కూడా ఉంది. సాక్ష్యమే లేకుండా నిర్ణయానికి వచ్చినా, కీలకమైన పత్రాన్ని కింది కోర్టులు కన్నెత్తి చూడకపోయినా, ఏ వివేకవంతుడూ రాలేని నిర్ణయానికి వచ్చినా, ఆ తప్పు న్యాయప్రశ్న స్థాయికి చేరుతుంది. మన ఉదాహరణలో, పంపకం జరిగిందంటున్న ఏడాది తర్వాత అన్నే బ్యాంకులో ఆ పొలాన్ని ఉమ్మడి ఆస్తిగా చూపించిన పత్రం రికార్డులో ఉండి, రెండు కోర్టులూ దాన్ని ప్రస్తావించకుండా వదిలేసి ఉంటే, తమ్ముడు ఈ కిటికీ దగ్గర నిలబడవచ్చు.

## ఢిల్లీకి ఉన్న దారులు

సుప్రీంకోర్టుకు ఒక దారి హైకోర్టు ఇచ్చే ధ్రువపత్రం. రాజ్యాంగ వ్యాఖ్యానంతో ముడిపడిన కేసులకు 132వ అధికరణ, సివిల్ కేసులకు 133, క్రిమినల్ కేసులకు 134 వర్తిస్తాయి. మొదట్లో సివిల్ కేసుల్లో ఆస్తి విలువ కూడా ఒక అర్హత. ₹20,000, అంతకు మించిన విలువ ఉంటే దారి దొరికేది. 1972 నాటి 30వ రాజ్యాంగ సవరణ ఈ డబ్బు కొలతను తీసేసింది. సార్వత్రిక ప్రాముఖ్యం ఉన్న గణనీయమైన న్యాయప్రశ్న ఉందని, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలని హైకోర్టు భావిస్తేనే ఇప్పుడు ధ్రువపత్రం ఇస్తుంది. తన తీర్పు మీద తానే అలా రాసివ్వడం అరుదు. కొన్ని చట్టాలు నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు కల్పించాయి. దివాలా కేసుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉత్తర్వుపై న్యాయాంశం ఉంటే వెళ్లడం అలాంటిదే.

వీటన్నిటినీ మించి జనం వాడే దారి 136వ అధికరణ. పత్రికల్లో కనిపించే ఎస్‌ఎల్‌పీ, అంటే స్పెషల్ లీవ్ పిటిషన్, దీని కిందే వేస్తారు. ఇక్కడి 'లీవ్' అంటే అనుమతి. నా అప్పీలు వినడానికి అనుమతించండి అని అడగడమే ఈ పిటిషన్. ఇంకా అప్పీలు మొదలే కాలేదు. సైనిక న్యాయస్థానాలను మినహాయిస్తే, దేశంలోని ఏ కోర్టు, ఏ ట్రిబ్యునల్ ఇచ్చిన ఏ ఉత్తర్వు మీదనైనా సుప్రీంకోర్టు తన విచక్షణతో ఈ అనుమతి ఇవ్వవచ్చు. ఇంత విశాలమైన అధికారానికి రాజ్యాంగం గీత గీయలేదు. అయితే 1950లోనే ప్రీతమ్ సింగ్ కేసులో కోర్టు తనకు తానే ఒక అదుపు పెట్టుకుంది: అసాధారణమైన, ప్రత్యేకమైన పరిస్థితులు ఉండి, తీవ్రమైన అన్యాయం జరిగిందని తేలితేనే సాధారణంగా జోక్యం చేసుకోవాలని.

ఆచరణలో న్యాయమూర్తుల చూపును నిలిపే అంశాలు కొన్ని ఉన్నాయి. ఒకే చట్టంపై రెండు హైకోర్టులు ఎదురెదురు తీర్పులు ఇచ్చినప్పుడు ఎవరో ఒకరు తేల్చాలి. రాజ్యాంగ ప్రశ్న ఉన్నప్పుడు, మనిషి స్వేచ్ఛ చిక్కులో ఉన్నప్పుడు, వేలమంది ఉద్యోగులనో పన్ను చెల్లించేవారినో తాకే తీర్పు వచ్చినప్పుడు తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ. మధ్యంతర ఉత్తర్వుల మీద, రెండు కోర్టులు ఒకే రకంగా తేల్చిన వాస్తవాల మీద వచ్చే పిటిషన్లకు తక్కువ.

## అడ్మిషన్ రోజున జరిగేది

హైకోర్టు తీర్పు వచ్చిన 90 రోజుల్లో ఎస్‌ఎల్‌పీ వేయాలి. ధ్రువపత్రం నిరాకరించిన ఉత్తర్వు మీదైతే 60 రోజులు. సుప్రీంకోర్టు గుర్తించిన అడ్వకేట్ ఆన్ రికార్డ్ ద్వారానే దాఖలు చేయాలి. జైల్లో ఉన్న మనిషి జైలు అధికారుల ద్వారా కూడా పిటిషన్ పంపుకోవచ్చు. అవతలివారు ముందే కేవియట్, అంటే తమకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దన్న దరఖాస్తు, వేసి ఉంటే, వారికి చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వరు.

సంప్రదాయంగా సోమ, శుక్రవారాలు కొత్త పిటిషన్లకు కేటాయించిన రోజులు. సాధారణంగా ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక్క రోజులో పదుల సంఖ్యలో పిటిషన్లు చూస్తుంది. ఫైళ్లు ముందుగానే చదువుకుని వస్తారు. ఒక్కో కేసుకు దొరికేది కొద్ది నిమిషాలే. ఏళ్ల తరబడి నడిచిన దావా భవితవ్యం ఆ కొద్ది నిమిషాల్లో తేలడం చూసిన కక్షిదారు తల్లడిల్లడం సహజం. ఆ నిమిషాల్లో కోర్టు దావాను తేల్చదు, దాన్ని వినాలా వద్దా అన్నదే తేలుస్తుంది. కానీ ఈ సంగతి అతనికి ఎవరూ ముందుగా చెప్పి ఉండరు.

ఫలితం కొన్ని రకాలుగా ఉంటుంది. పిటిషన్ కొట్టివేయవచ్చు. అవతలివారికి నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అంటే గెలుపు కాదు, ఇంకాస్త వింటామని మాత్రమే. కింది తీర్పు అమలుపై స్టే ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ధర్మాసనం మొగ్గు గమనించిన వకీలు పిటిషన్‌ను వెనక్కి తీసుకుంటానని అడగవచ్చు. పత్రికల్లో ఇది కూడా కొట్టివేతగానే వస్తుంది. చివరిది, అనుమతి ఇవ్వడం. ఆ క్షణంలో ఎస్‌ఎల్‌పీ కాస్తా సివిల్ అప్పీలుగానో క్రిమినల్ అప్పీలుగానో మారి కొత్త నంబరు తెచ్చుకుంటుంది. అసలు అప్పీలు పుట్టేది అప్పుడే.

## తలుపు ఎంత తెరవాలన్న వాదన

ఇంత విశాలమైన విచక్షణ మంచిదా అన్న వాదన సుప్రీంకోర్టులోనే నడిచింది. తలుపు చిన్నది చేయాలనేవారి మాట ఇది: అద్దె గొడవలు, చెక్కు బౌన్సులు, బెయిలు పిటిషన్లు చూస్తూ కూర్చుంటే రాజ్యాంగ ప్రశ్నలు ఏళ్ల తరబడి మూలన పడతాయి. ఒక ధర్మాసనం చేపట్టే కేసును పక్క ధర్మాసనం కొట్టివేస్తే న్యాయం అదృష్టంగా మారుతుంది. అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ కలిసి కూర్చుంటారు. వారిలో నలుగురు చూద్దామంటేనే కేసు చేపడతారు. ఏటా వేలల్లో వచ్చే వినతుల్లోంచి వాళ్లు పూర్తిగా వినేవి వందకు లోపే.

ఇటువైపు వాదన కూడా బలమైనదే. హైకోర్టులు పొరపాటు పడతాయి. నిరుపేద ఖైదీకి, ఉద్యోగం పోయిన కార్మికుడికి ప్రభుత్వంతో తలపడే చివరి చోటు ఇదే. అన్యాయం ఏ రూపంలో వస్తుందో ముందే జాబితా రాసిపెట్టడం సాధ్యం కాదు. 2010లో మథాయి కేసులో ఇద్దరు న్యాయమూర్తులు, ఎలాంటి కేసులు చేపట్టాలో మార్గదర్శకాలు రూపొందించమని పెద్ద ధర్మాసనాన్ని కోరారు. 2016 జనవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అందుకు నిరాకరించింది. రాజ్యాంగం హద్దులు పెట్టని అధికారానికి తాము హద్దులు గీయబోమంది.

దూరం కూడా ఇందులో ఒక చిక్కు. ఢిల్లీకి దగ్గరలో ఉన్న హైకోర్టుల నుంచి ఎక్కువ కేసులు సుప్రీంకోర్టుకు వెళ్తున్నాయని కోర్టు పనిభారాన్ని పరిశీలించినవారు చూపారు. శ్రీకాకుళం రైతుకూ ఘజియాబాద్ వ్యాపారికీ 136వ అధికరణ ఒకటే, రైలు చార్జీ ఒకటి కాదు. 2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో, రాజ్యాంగ ధర్మాసనం ఢిల్లీలో ఉంటూ మామూలు అప్పీళ్లకు నాలుగు ప్రాంతీయ ధర్మాసనాలు పెట్టాలని, దక్షిణాదికి చెన్నైలో గానీ హైదరాబాద్‌లో గానీ ఉండాలని సిఫార్సు చేసింది. విడిగా జాతీయ అప్పీలు కోర్టు పెట్టాలన్న అభ్యర్థనను 2016 జులైలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.

కారణాలు చెప్పకుండా కొట్టివేయడంపైనా విమర్శ ఉంది. పిటిషన్ల సంఖ్య చూస్తే ప్రతిదానికీ కారణాలు రాయడం కుదరదన్నది నిజమే. అయినా మనిషి ప్రాణం ముడిపడి ఉన్నచోట అది చాలదని కోర్టే గుర్తించింది. మరణశిక్ష కేసుల్లో ఎస్‌ఎల్‌పీని, కనీసం ఆ శిక్ష వరకైనా, కారణాలు చెప్పకుండా కొట్టివేయకూడదని 2018లో చెప్పింది. ఆ ఆలోచనను యావజ్జీవ శిక్ష కేసులకూ కొంతైనా విస్తరించవచ్చని నాకు అనిపిస్తుంది. రెండు వాక్యాల కారణమైనా జైల్లో ఉన్న మనిషికి చాలా పెద్ద విషయం.

## ఒక్క వాక్యపు కొట్టివేతకు విలువ ఎంత

ఇప్పుడు మన శీర్షిక దగ్గరకు వద్దాం. 2000 సంవత్సరంలో కుంఞహమ్మద్ వర్సెస్ కేరళ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మళ్లీ అదే చెప్పింది.

కారణాలు లేకుండా ఎస్‌ఎల్‌పీ కొట్టివేస్తే, ఈ కేసులో అనుమతి ఇవ్వడం లేదన్నదే దాని అర్థం. హైకోర్టు తీర్పు సరైనదని సుప్రీంకోర్టు అన్నట్టు కాదు. అది వేరే కేసులకు పూర్వోదాహరణ కాదు. కారణాలు చెబుతూ కొట్టివేస్తే, ఆ కారణాల్లో ఏదైనా న్యాయసూత్రం చెప్పి ఉంటే, ఆ సూత్రం అన్ని కోర్టులకూ శిరోధార్యం. అప్పుడు కూడా హైకోర్టు తీర్పు హైకోర్టు తీర్పుగానే మిగులుతుంది. అనుమతి ఇచ్చి అప్పీలుగా మార్చాక కొట్టివేస్తే మాత్రం కథ పూర్తిగా మారుతుంది. హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో కలిసిపోతుంది. దీన్ని విలీన సిద్ధాంతం అంటారు. అప్పుడు 'సమర్థించింది' అని రాస్తే తప్పులేదు.

మన తమ్ముడి సంగతే చూడండి. హైకోర్టు అతని అప్పీలును కొట్టివేసిందనుకుందాం. అతను ఢిల్లీ వెళ్లాడు. ఎస్‌ఎల్‌పీ ఒక్క వాక్యంతో పోయింది. ఊళ్లో అందరూ సుప్రీంకోర్టు కూడా పంపకం జరిగిందని చెప్పేసిందన్నారు. సుప్రీంకోర్టు అలా చెప్పలేదు. హైకోర్టు తీర్పులో పైకి కనిపించే పొరపాటు ఉంటే, ఉదాహరణకు "నేటి నుండి" అన్న వాక్యాన్ని వాదనలో ఎత్తిచూపినా తీర్పులో దాని ఊసే లేకపోతే, హైకోర్టులోనే పునఃసమీక్ష పిటిషన్ వేసుకునే వీలు అతనికి ఉంది. దాని పరిధి బాగా ఇరుకు, గడువు హైకోర్టు తీర్పు తేదీ నుంచి 30 రోజులే. ఢిల్లీలో గడిచిన కాలానికి ఆలస్య మాఫీ విడిగా అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. అనుమతి వచ్చి, సివిల్ అప్పీలు నంబరు పడి, ఆ తర్వాత ఓడిపోయి ఉంటే ఈ కాస్త దారి కూడా ఉండేది కాదు.